ముప్ఫయ్యో రూబుల్

అసురసంధ్య...!

పగటికి ప్రాణం పోయింది. రాత్రికి ఇంకా ప్రాణం రాలేదు. ఏ దైవమూ కాపలా కాయని ఆ కాసేపట్లో, పడమటి ఆకాశం గడ్డకట్టిన నెత్తురులా నల్లబడుతోంది. ఎక్కడో దూరాన, గొంతులో ఎముక అడ్డుపడ్డ ముసలి మృగంలా ఉరుము గురగురలాడింది. గాలి స్తంభించింది. బజారు వీధిలో షట్టర్లు ఒకటొకటిగా కిందికి జారుతున్నాయి.

ఒక్క దుకాణం తప్ప!

ఇరుకు మెట్లెక్కితే, మొదటి అంతస్తులో ‘పాత నాణేలు, పాత తపాలా బిళ్ళలు’ అని రాసిన అద్దం తలుపు. దాని వెనక, పచ్చ మఖమల్ పరిచిన బల్ల మీద, ఒకే ఒక దీపం కింద... ఒకే ఒక వెండి బిళ్ళ!

దాని మీదికి వంగి ఉన్నాడొక మనిషి. కంటికి బిగించుకున్న భూతద్దంలోంచి చూస్తూ ఊపిరి తీసుకోవడమే మరిచిపోయాడు.

రెండు తలల గద్ద! విచ్చిన రెక్కలు! ఒక కాలి గోళ్ళలో రాజదండం, రెండో కాలి గోళ్ళలో గోళం! తలల మీద కిరీటాలు! మెల్లగా బిళ్ళను తిప్పాడు. ఆకుల దండ నడుమ సంవత్సరం... 1838.

అంకెల మీద గోరు ఆనించి మళ్ళీ చదివాడు.

అతన్ని పళ్ళ మేస్త్రి అంటారు. డాక్టర్లు రోగుల నోటి కొలతలు పంపితే, ప్లాస్టర్‌తో అచ్చులు పోసి, వాటిని బట్టి కట్టుడు పళ్ళు చెయ్యడం అతని పని. ఇంటి ముందుగదే పనిశాల. గోడ పొడవునా అరలు. అరల నిండా తెల్లటి అచ్చులు. ఊళ్ళో సగం మంది నోళ్ళు అక్కడ వరసగా పళ్ళికిలించుకుని ఉండేవి. “మీ ఇంట్లో ఇన్ని నోళ్ళున్నా గొడవే వినపడదేమయ్యా!” అని వచ్చినవాళ్ళు వేళాకోళం చేసేవారు.

కానీ అతని ప్రాణం ఆ పళ్ళలో లేదు. పడకగది బీరువాలో, చెక్కపెట్టెలో, గుండ్రటి గుంటల్లో నిద్రపోతున్న వెండి రూబుళ్ళలో ఉంది. రష్యా చక్రవర్తుల వెండి! అందులోనూ మొదటి నికొలాయ్ ఏలుబడిలో అచ్చయినవి. 1826 మొదలు 1855 వరకూ ఏడాదికొకటి చొప్పున ముప్ఫై. ఇరవై ఒక్క ఏళ్ళుగా అదే వేట. వేలంపాటల జాబితాలు, విదేశాల నుంచి వచ్చే పొట్లాలు, నకిలీ బిళ్ళలు చూసి పళ్ళు కొరుక్కున్న సాయంత్రాలు... ఇరవై తొమ్మిది గుంటలు నిండాయి. ఒక్క గుంట మాత్రం పన్ను ఊడిన చిగురులా బోసిపోయి, పెట్టె తెరిచినప్పుడల్లా అతన్ని వెక్కిరించేది.

ఆ గుంట 1838ది.

“అంచు చూడు మేస్త్రీ,” అన్నాడు బల్లకు అవతల కూర్చున్నవాడు.

నాణేలు కూడబెట్టేవాళ్ళందరూ అతన్ని వెండికన్ను అంటారు. ఎడమ కంటికి పొర కమ్మి, తెల్లగా, మెరుస్తూ, రెప్ప వెయ్యకుండా ఉంటుంది. ఆ కన్ను చూడదు. కానీ ఆ కన్నే చూస్తున్నట్టుంటుంది!

మేస్త్రి బిళ్ళ అంచును దీపానికి దగ్గరగా పెట్టాడు. వెండి ఎంత స్వచ్ఛమో, బరువెంతో చెప్పే అక్షరాలు అంచు చుట్టూ పదునుగా ఉన్నాయి. నకిలీల్లో ఇవి సబ్బు ముక్క మీద రాతలా అరిగిపోయి ఉంటాయి. జేబులోంచి చిన్న త్రాసు తీసి తూచాడు. ఇరవై గ్రాముల మీద కాస్త ముల్లు. చూపుడువేలి కొసన నిలిపి గోటితో మీటాడు. సన్నటి నాదం... ఆగకుండా... చెవిలోంచి వెన్నులోకి దిగింది.

“అసలుదే,” అన్నాడు. “ఏమిమ్మంటారు?”

“డబ్బొద్దు.”

“మరి?”

“మీ ఆవిడ నోటి అచ్చు ఉందిగా నీ దగ్గర. అది ఇవ్వు.”

ఉరుము ఈసారి దగ్గరగా వినిపించింది. అద్దం తలుపు గడగడలాడింది!

మేస్త్రి నవ్వబోయాడు. నవ్వు రాలేదు. నాలుగేళ్ళ క్రితం మెట్ల మీద జారిపడి భార్యకు ముందుపన్ను విరిగితే, తనే అచ్చు పోసి, తనే పన్ను చేశాడు. ఆ అచ్చు ఇప్పటికీ పై అరలో ఉంది. ఆ సంగతి వీడికెలా తెలుసు?

“ఆవిడ రైల్వే స్టేషన్‌లో అనౌన్సరు కదూ?” వెండికన్ను గొంతు మెత్తగా, నూనె పూసినట్టుగా ఉంది. “రోజూ వింటుంటాను. బండి ఐదు గంటలు ఆలస్యమని చెప్పినా వినేవాడికి కోపం రాదు. ఏం నోరయ్యా అది! అలాంటి నోరు నాకు కొన్నాళ్ళు కావాలి. పని కాగానే వదిలేస్తాను.”

“ఏం పని?”

“నీకు రూబుల్ కావాలా? జవాబు కావాలా?”

మేస్త్రి బిళ్ళ వైపు చూశాడు.

పిచ్చివాడనుకున్నాడు మెట్లు దిగుతూ. పిడికెడు ప్లాస్టర్ ముద్దకి 1838 ఇస్తానంటున్నాడు. పోయేదేముంది? అని తనకు తనే పదిసార్లు చెప్పుకున్నాడు. పోయేదేమీ లేకపోతే పదిసార్లెందుకు చెప్పుకోవాలో మాత్రం తనను తాను ప్రశ్నించుకోలేదు!

ఇంటికి చేరేసరికి వాన మొదలైంది. భార్య మర్నాటి డ్యూటీకి చీర ఇస్త్రీ చేసుకుంటోంది. అతను అరలోంచి అచ్చు తీసి, గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకున్నాడు.

“ఏమండీ, ఈ వానలో మళ్ళీ ఎక్కడికి?”

“డాక్టరుగారికి ఒక అచ్చు ఇచ్చి రావాలి. అర్జెంటట.”

“పాపం, ఎవరిదో! నొప్పితో ఉన్నారో ఏమో. తొందరగా వెళ్ళిరండి.” గుమ్మం దాకా వచ్చి గొడుగు అందించింది. “మీకోసం కాదు లెండి, ఆ అచ్చు తడిసిపోకుండా!” అని నవ్వింది.

తన నోటికి తనే గొడుగు పట్టిందా ఇల్లాలు!

దుకాణంలో దీపం ఇంకా చిన్నదైంది. బల్ల మీద నల్లగుడ్డ కప్పిన ఏదో వస్తువు, మనిషి తలంత ఎత్తున ఉంది. వెండికన్ను రెండు చేతులూ చాపాడు.

“నోటితో చెప్పాలి. ఇచ్చాను అని. మూడుసార్లు. భర్త ఇస్తేనే చెల్లుతుంది.”

“ఇచ్చాను.”

కిటికీ బయట గుడ్లగూబ అరిచింది.

“ఇచ్చాను.”

దీపం నీలంగా మారింది!

“...ఇచ్చాను.”

రూబుల్ అతని అరచేతిలో పడింది. చల్లగా ఉంది. వెండి చల్లదనం కాదది... నేల అడుగున, గాలి సోకని చోట పడి ఉన్న చల్లదనం!

* * *

మేస్త్రి మెట్లు దిగిన చప్పుడు ఆగగానే వెండికన్ను తలుపు గడియ పెట్టి, నల్లగుడ్డ లాగేశాడు.

కపాలం!

పసుపు తిరిగిన ఎముక. లోతైన కంటిగుంటలు. కింది దవడలోనూ పై దవడలోనూ ఒక్క పన్ను లేదు. ఏడేళ్ళ క్రితం, రేవు దగ్గరి పాడుబడ్డ గిడ్డంగి నేలమాళిగలో గోడ బీటవారితే, ఆ కంతలో చెయ్యి పెట్టి తీశాడు దాన్ని. దానితోపాటు, చివికిన గుడ్డపీలికలో కుట్టి ఉన్న ఏడు వెండి రూబుళ్ళూ దొరికాయి. వాటిలో ఒకటి ఆ 1838ది. సముద్రం దాటి వచ్చిన ఒక వెండి వర్తకుడు నూట యాభై ఏళ్ళ కిందట ఆ గిడ్డంగి కట్టించాడనీ, అతని పెట్టెడు వెండి ఏమైందో ఎవరికీ తెలియదనీ విన్నాడు. అప్పట్నుంచీ అతనికి నిద్ర లేదు. ఈ కపాలం ఆ వర్తకుడిదే! పెట్టె జాడ దీనికే తెలుసు! కానీ పళ్ళు లేని పుర్రె పలకదు. ప్రేతానికి బతికున్న నోరు కావాలి. కట్టుకున్నవాడు తన నోటితో ధారపోసిన నోరు కావాలి!

మైనం కరిగించి, అచ్చును పుర్రె దవడలకు అతికించాడు. మేస్త్రి భార్య పళ్ళు... విరిగిన ఆ ముందుపన్ను సందుతో సహా... మృత కపాలంలో మెరిశాయి. చుట్టూ వెండి బిళ్ళలు వలయంగా పేర్చాడు. అతని పెదవుల నుంచి ఘోర బీజాక్షరాలు విషధారలా కారసాగాయి.

“లే! ఓ వర్తకుడా! ఓ పురుషుడా! నీకు నోరిచ్చాను! నాకు దాసుడవై పలుకు!”

పిడుగు పడింది! బజారంతా ఒక్క క్షణం పాడెగుడ్డలా తెల్లబడింది! ఆ వెలుగులో...

పుర్రె నోరు తెరిచింది!

* * *

మూడో రోజు, పొద్దున తొమ్మిదిన్నర.

స్టేషన్ కిటకిటలాడుతోంది. కూలీలు, సంచులు, పిల్లల ఏడుపులు. మేస్త్రి భార్య తన గదిలో మైకు ముందు కూర్చుని, గొంతు సవరించుకుని, మీట నొక్కింది. “ప్రయాణికులకు మనవి...” అని మొదలుపెట్టింది.

ఆ తర్వాత వచ్చింది ఆమె గొంతు కాదు!

ఎనిమిది ప్లాట్‌ఫారాల మీదా, నలభై లౌడ్‌స్పీకర్లలో, ఒక మూలుగు మొదలైంది. ఆడో మగో తెలియని మూలుగు... మట్టి నిండిన గొంతులోంచి, ఇటుకల సందుల్లోంచి ఈడ్చుకొస్తున్న మూలుగు!

“చలి... చీకటి... తియ్యండి... ఎవరైనా... ఇటుకలు తియ్యండీ...!”

నడుస్తున్నవాళ్ళు నిలబడిపోయారు. చంటిపిల్లలు ఒక్కసారిగా ఏడుపాపేశారు. పైకప్పు ఇనుప దూలాల మీది పావురాలన్నీ లేచిపోయాయి. గది తలుపు విరగ్గొట్టి లోపలికి వెళ్ళిన స్టేషన్ మాస్టరు చూసిందేమిటంటే... ఆమె కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. రెండు చేతులతో తన నోరు మూసుకోవాలని పెనుగులాడుతోంది. వేళ్ళ మధ్య నుంచి పెదవులు వాటంతటవే కదులుతున్నాయి!

పెద్దాసుపత్రిలో చేర్చారు. నరాల డాక్టరు చూశాడు, గొంతు డాక్టరు చూశాడు, మనసు డాక్టరు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు ముగ్గురూ. పగలంతా ఆమె పెదవులు కుట్టేసినట్టు బిగుసుకుపోయేవి. కళ్ళు మాత్రం సజీవంగా, భయంగా, భర్త ముఖం మీదే తిరిగేవి. సందె పడగానే మూలుగు మొదలు! వార్డులో మిగతా రోగులు మంచాలు వదిలి వరండాలో పడుకున్నారు.

ఆమె అక్క అదే ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగి. మనిషి గట్టిది, మాట ఇంకా గట్టిది. ఎనిమిదో రోజున మరిదిని వరండా చివరికి లాక్కెళ్ళింది.

“మరిదీ, దాని తల ఎక్స్‌రే నేనే తీశాను. అందులో ఏమీ లేదు. నీ మొహంలోనే ఏదో ఉంది. ఏం చేశావు?”

“నేనేం చేస్తాను వదినా?”

“అది నిన్నే చూస్తోంది. నొప్పి పెట్టినవాణ్ణి చూసినట్టు చూస్తోంది. చెప్తావా, నలుగురినీ పిలవనా?”

అతను చెప్పాడు. బిళ్ళ, అచ్చు, మూడు మాటలు, అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ కుడిచెయ్యి జేబులోనే ఉంది. ఎనిమిది రోజులుగా రూబుల్‌ను అతను జేబులోంచి తియ్యలేదు. పెట్టెలో గుంటలో పెట్టడానికి ధైర్యం చాలలేదు, తిరిగిచ్చెయ్యడానికి మనసొప్పలేదు.

వదిన చెయ్యి ఎప్పుడు లేచిందో అతనికి తెలియదు. చెంప పేలిపోయింది.

“బిళ్ళ కాదు, బొమ్మ కాదు, కట్టుకున్న మనిషిరా అది! దాని నోరు ఎవడిదనుకున్నావు ఇచ్చెయ్యడానికి?”

ఇద్దరూ బజారుకు పరుగెత్తారు. అద్దం తలుపుకు తాళం. లోపల మఖమల్ బల్ల ఖాళీగా ఉంది.

* * *

తొమ్మిదో రోజు సూర్యగ్రహణం.

మిట్టమధ్యాహ్నం సూర్యబింబాన్ని నల్లటి నాలుకేదో నాకడం మొదలుపెట్టింది. వెలుగు పాలిపోయి, బూడిద రంగు తిరిగింది. కుక్కలు గోడల వారగా నక్కి ముడుచుకున్నాయి. ఆసుపత్రి ఆవరణలో, పట్టపగలు, గుడ్లగూబలు...! ఒకటి కాదు, రెండు కాదు... కిటికీ చూరుల నిండా బారులు తీరి కూర్చున్నాయి!

మంచం మీద ఆమె లేచి కూర్చుంది.

కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. సెలైన్ సూది పీకేసి, ఉత్తకాళ్ళతో నడిచింది. అడ్డుపడ్డ ఇద్దరు ఆయాలను ఒక్క చేత్తో విదిలించి పారేసింది. అక్కా, భర్తా వెంటపడ్డారు. జనం లేని వీధుల వెంబడి, మసక వెలుతురులో, ఆమె ఎక్కడా తడబడకుండా నడుస్తోంది... ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు... రేవు వైపు... పాడుబడ్డ గిడ్డంగి వైపు!

నేలమాళిగ మెట్లు పాచి పట్టి ఉన్నాయి. కింద గబ్బిలాల కంపు. నడుమ ఒక దీపం. దీపం చుట్టూ వెండి బిళ్ళల వలయం. వలయం అంచున వెండికన్ను... జుట్టు విరబోసుకుని, ఒళ్ళంతా బూడిదతో, ఆ గుడ్డికన్ను నిప్పుకణికలా మండుతూ!

ఆమె వెళ్ళి వలయం మధ్యలో కూర్చుంది. నల్లగుడ్డ కప్పిన ఆ వస్తువుకు ఎదురుగా.

“ఆగు!” అని అక్క ముందుకు దూకింది.

“అడుగు వేస్తే దాని నాలుక తెగి పడుతుంది!” మాంత్రికుడు గర్జించాడు. మాళిగ కప్పు నుంచి మట్టి రాలింది! “మేస్త్రీ! నువ్విచ్చావు, నేను తీసుకున్నాను! గ్రహణం విడిచేలోగా వీడిచేత పెట్టె జాడ చెప్పించుకుంటాను. తర్వాత నీ పెళ్ళాం నీ ఇష్టం. కదలకు!”

నల్లగుడ్డ లాగేశాడు. బీజాక్షరాలు పిడుగుల్లా కురిశాయి. “ఓ వర్తకుడా! ఓ పురుషుడా! నిన్ను బంధించాను! నిన్ను శాసిస్తున్నాను! వెండి ఎక్కడ?”

ఆమె నోరు తెరుచుకుంది. ఎదురుగా పుర్రె నోరూ తెరుచుకుంది. రెండు నోళ్ళలోంచీ ఒకే మూలుగు. సంకెళ్ళు బిగిస్తుంటే విలవిల్లాడే జీవి మూలుగు! ఆమె మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. పెదవి కొసన నెత్తురు చిమ్మింది!

మేస్త్రి చూస్తున్నాడు. భార్యను చూడలేక చూపు పక్కకు తిప్పుకున్నాడు. ఆ చూపు పుర్రె మీద పడింది. ముప్ఫై ఏళ్ళుగా దవడలతో బతికిన మనిషి. కన్ను తనంతట తానే కొలతలు తీసేసింది. కొసదేరిన గడ్డం... కనుబొమల దగ్గర గట్టు లేని నున్నటి నుదురు... చెవి వెనక బుడిపె బొటనవేలి గోరంత...

కన్ను మళ్ళీ కొలిచింది. అదే లెక్క.

చెబితే ఏమవుతుందో తెలియదు. భార్య నాలుక తెగుతుందేమో. చెప్పకపోతే ఆమె మెడ తన కళ్ళ ముందే తెగేలా ఉంది. జీవితంలో మొదటిసారి, వెండి గురించి కాకుండా వేరే దాని గురించి గొంతెత్తి అరిచాడు.

“అది మగాడిది కాదు! ఆ పుర్రె ఆడమనిషిది!”

మాంత్రికుడి నోట్లో మంత్రం సగంలో విరిగిపోయింది. ‘పురుషుడా’ అని వేసిన ప్రతి ముడీ, ఏడేళ్ళుగా వేసిన ప్రతి ముడీ... లేని మనిషికి వేసిన ముడి! గాలికి వేసిన సంకెల!

మూలుగు ఆగింది. మెల్లగా... చాలా మెల్లగా... నవ్వు మొదలైంది. ఆడగొంతు. మేస్త్రి భార్య పెదవుల మీద, కానీ ఆమెది కాని గొంతు.

“నూట యాభై ఏళ్ళకి... ఒక్కడికి కళ్ళున్నాయి.”

“ఎవరు నువ్వు?” మాంత్రికుడు వెనక్కి జరిగాడు. “వర్తకుడేడీ? పెట్టె ఏదీ?”

“వాడు నా మొగుడు! పెట్టెలో వెండి నా పుట్టింటిది. పట్టుకుపోనివ్వనన్నాను. నన్నీ మూల నిలబెట్టి గోడ కట్టాడు. గోడ కడుతున్నంతసేపూ నేను బతికే ఉన్నాను! ఒక్కో ఇటుకకీ వాణ్ణి పేరుపెట్టి పిలిచాను. పై వరస పెట్టేముందు వాడేమన్నాడో తెలుసా? నీ నోరు మూతపడితే గానీ నాకు నిద్ర పట్టదన్నాడు!”

మాళిగ గోడలు ఊపిరి తీసుకున్నట్టు ఉబ్బాయి.

“వెండి... వెండి ఎక్కడ?” అప్పుడు కూడా వాడు అడిగింది అదే!

“లేదురా! వాడే బండికెత్తుకుని పోయాడు! నా బట్టల అంచున కుట్టుకున్న ఏడు బిళ్ళలే ఇక్కడ మిగిలాయి. ఏడేళ్ళు నన్ను బంధించి, ఒక బతికున్న ఆడదాని నోరు దొంగిలించి, నువ్వు వెతికింది ఒట్టి గోడని!” నవ్వు ఆగిపోయింది. “వెండి కావాలా? తిను!!”

వలయంలో బిళ్ళలు లేచాయి!

గింగిరాలు తిరుగుతూ, ఒకదాని వెంట ఒకటి, తేనెటీగల్లా రొద పెడుతూ వాడి ముఖం మీదికి! వాడు మంత్రం చదవడానికి నోరు తెరిచాడు. అదే వాడు చేసిన ఆఖరి తప్పు. మొదటి రూబుల్ పళ్ళు విరగ్గొట్టుకుని లోపలికి దూరింది. రెండోది దాన్ని గొంతులోకి తోసింది. మూడు... నాలుగు... రెండు చేతులా పీక్కుంటున్నాడు. వేళ్ళు తెగుతున్నాయి. చెంపలు సంచుల్లా సాగిపోయాయి. ఒక్క కేక వెయ్యడానికి సందు లేదు! వెండి మీద వెండి, గద్ద మీద గద్ద... మెడ ఉబ్బి, నీలమై, ఆ వెండికన్ను గుంటలోంచి పెల్లుబికి...

కూలిపోయాడు! పడినప్పుడు వాడి లోపలి నుంచి, గల్లుమని, నాణేల సంచి జారిపడ్డ చప్పుడైంది.

పైన గ్రహణం విడవడం మొదలైంది. బీటలోంచి ఒక సన్నటి వెలుగుచార లోపలికి దిగింది.

ఆమె చూపు మేస్త్రి మీదికి తిరిగింది. భార్య కళ్ళు... వాటి వెనక ఆ రెండోది. అతను మోకాళ్ళ మీద పడ్డాడు. జేబులోంచి 1838 తీసి అరచేతిలో చాపాడు.

“ఇది మీది తల్లీ... తీసుకోండి... నన్ను వదిలెయ్యండి...”

ఆమె దాన్ని ముట్టుకోలేదు.

“నాకెందుకు? నాకు కావలసింది నోరు. వచ్చింది. చెప్పుకోవలసింది చెప్పుకున్నాను.” ఆ గొంతులో కోపం లేదు. అంతకంటే చేదైనదేదో ఉంది. “అది నువ్వు కొనుక్కున్నావు. ఉంచుకో!”

ఠప్పుమని ప్లాస్టర్ అచ్చు రెండుగా పగిలింది. మేస్త్రి భార్య తల వాల్చేసింది. అక్క వలయం దాటి వెళ్ళి చెల్లెల్ని ఒళ్ళోకి లాక్కుంది. ఒక కాలితో ఆ అచ్చు ముక్కల్ని పిండి అయ్యేదాకా తొక్కుతూనే ఉంది.

* * *

పోలీసులు గోడ పగలగొట్టించారు. లోపల నిలువునా ఒక తల లేని అస్థిపంజరం. తలతో కలిపి మట్టి చేయించింది అక్కే. మాంత్రికుడి చావును ఎలా రాయాలో ఎవరికీ తెలియలేదు. ఊపిరాడక అని రాశారు.

మేస్త్రి భార్యకు మాట వచ్చింది, రెండు నెలలకు. గొంతు మాత్రం మునుపటిది కాదు. బొంగురుపోయి, మధ్యలో తెగుతూ ఉండేది. మైకుకు పనికిరాదని చెప్పి, పార్సిళ్ళ ఆఫీసుకు మార్చారు. అక్క ఇంటికి దగ్గరని ఆమే అడిగి మరీ వేయించుకుంది.

బట్టలు సర్దుకుంటుంటే అతను గుమ్మంలో నిలబడ్డాడు.

“ఆ బిళ్ళలన్నీ కరిగించేస్తాను. ముప్ఫయ్యీ. ఇప్పుడే, నీ కళ్ళ ముందే.”

“ఎందుకండీ? అవేం చేశాయి?”

“నాకు తెలియక...”

“తెలియదా? వానలో గొడుగిస్తే తీసుకుని వెళ్ళారు.” ఆమె చీర మడత పెడుతూనే ఉంది. “నా నోరు కావాలని నన్నడిగుంటే, ఇవ్వనని నేనే చెప్పేదాన్ని. ఆ మాట చెప్పడానికి కూడా అది నా నోరేనని మీకు తోచలేదు. పెట్టె మూత కాస్త నొక్కండి, పట్టడం లేదు.”

అతను నొక్కాడు. తాళం పడింది. ఆమె మళ్ళీ అతనితో మాట్లాడలేదు... ఆ రోజూ, ఆ తర్వాత ఎన్నడూ.

అతను బిళ్ళలు కరిగించలేదు.

ఏడాది తిరిగాక నాణేల సంఘం వాళ్ళు పెద్ద హాల్లో ప్రదర్శన పెట్టారు. పళ్ళ మేస్త్రి బల్ల దగ్గరే గుంపు. ముప్ఫై గుంటలు, ముప్ఫై రూబుళ్ళు, ఒక్క ఏడాది పోకుండా! ఇరవై ఒక్క ఏళ్ళు అతను కలగన్న రోజు. భూతద్దాలు వంగి వంగి చూస్తున్నాయి. మెడలో సంఘం బిళ్ళ వేసుకున్న ఒక పెద్దాయన 1838 దగ్గర ఆగిపోయి, తల పైకెత్తాడు.

“అబ్బ! ఇది ఎక్కడ పట్టారండీ బాబూ? దీనికోసం ఏమిచ్చుకున్నారు?”

మేస్త్రి ఆయన ముఖంలోకి చూశాడు.

“మా ఆవిడ నోరు.”

హాలంతా గొల్లుమంది. పెద్దాయన పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, అతని భుజం మీద చరిచాడు.

“భలేవారే! మా ఆవిడ నోరు కూడా తీసుకునేవాడుంటే చెప్పండి సార్, రూబుల్ కూడా అక్కర్లేదు, ఉత్తినే ఇచ్చేస్తాను!”

నవ్వుతున్నారందరూ. నోళ్ళు బార్లా తెరిచి, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నారు. వాళ్ళ మధ్యన మేస్త్రి ఒక్కడు పెదవులు బిగించి, అద్దం మూత మీద చెయ్యి పెట్టుకుని, నిలబడి ఉన్నాడు.